మిగిలిన సున్నం

మా నాయన పేరు లేవి. ఆయన కట్టిన సినిమా హాలుకు కప్పు లేదు, కుర్చీలు లేవు. బేతంచెర్ల నుంచి గనులకు పోయే దారిలో ఒక మైదానం, దాని చివర ఒక తెల్లటి గోడ, అంతే. లోడు కోసం కాచుకునే లారీలు ఆ గోడకు ఎదురుగా వరసగా నిలబడేవి. డ్రైవర్లు క్యాబిన్‌లో కాళ్లు చాపుకుని సినిమా చూసేవాళ్లు. జనం దానికి లారీ టాకీసు అని పేరు పెట్టారు.

నాయన మొదట గనిలో కూలీ. బండ కింద పడి కుడిచేతి వేళ్లు రెండు పోయాక, ఇక ఆ గుంతలోకి దిగనని ఒట్టు పెట్టుకున్నాడు. ఎవరికీ అక్కరలేని పగులు బండలు ఏరి తెచ్చి గోడ లేపాడు. ఊళ్లు తిరిగే డేరా సినిమావాళ్ల దగ్గర పాత ప్రొజెక్టరు సంపాదించాడు. ఆ మిషను చప్పుడు వింటేనే నాకు చిన్నప్పుడు నిద్ర పట్టేది.

తర్వాత టీవీలొచ్చాయి, ఫోన్లొచ్చాయి. గోడ మీద చాలా ఏళ్లు బల్లులే ఆడాయి. పోయినేడు మా ఆయన జయపాల్ కొత్త ప్రొజెక్టరు తెచ్చి మళ్లీ తెరిచాడు. ఈసారి లారీలతోపాటు నంద్యాల, కర్నూలు నుంచి కార్లు కూడా వచ్చాయి. కార్లో కూర్చుని మిరపకాయ బజ్జీలు తింటూ సినిమా చూడటం పట్నంవాళ్లకు గొప్పంట! నాయన ఆ వెలుగు చూసి మురిసిపోయాడు. వానాకాలంలో కన్ను మూశాడు.

అప్పటినుంచి మా అమ్మ సంతోషమ్మ ముద్ద ముట్టడం మానేసింది. "మీ నాయన ఎప్పుడు పిలుస్తాడో" అనేది ఎప్పుడూ. కన్నకూతుర్ని, దీవెనని, నేను ఎదురుగా ఉండగా ఆ మాటేమిటని నాకు ఒళ్లు మండేది. కోపం పైకే. ఈమె కూడా ఆయన వెనకే పోతుందేమోనని లోపల ఒకటే భయం. రోజూ సాయంత్రం మిషను గది ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టి, బతిమాలి గంజి తాగించేదాన్ని.

ఆ రోజు ఈస్టరు ముందు శనివారం. తెల్లవారితే సమాధుల తోటలో ప్రార్థన కాబట్టి, మావాళ్లంతా ముందురోజే తమ వాళ్ల సమాధులకు సున్నం వేస్తారు. మిగిలిన సున్నం ఇంటికి తేకూడదు. పక్కన దిక్కులేని సమాధి ఏదుంటే దానికి పూసి, బొక్కెన అక్కడే బోర్లించి రావాలి. నాయన సమాధి పక్కన అలాంటిది ఒకటుంది. సిలువ మీద పేరు లేదు. అందులో ఎవరున్నారో ఊళ్లో ఎవరికీ తెలియదు.

పొద్దు గూకుతుండగా చూస్తే, గోడకు కుడివైపు కింది మూల తళతళలాడుతోంది. పెచ్చులూడి ఎప్పుడూ మాసినట్టుండే మూల అది.

"ఆడ సున్నం ఎప్పుడు పూస్తివప్పా?" అని జయపాల్‌ను అడిగాను.

"ఇప్పుడే. మామ సమాధికి పూసినాక సగం బొక్కెన మిగిలింది."

"పక్కదానికి పూయలేదా?"

"పేరు లేనోనికి సున్నమెందుకులే! మన గోడకే లేకపాయె."

పిసినారితనం ఎక్కడ చూపించాలో తెలియని మనిషి. నోటికొచ్చినట్టు తిట్టాను. అప్పటికే లారీలు, కార్లు నిండిపోయాయి. ఈ వేసవిలో జనం రాకపోతే జాగా బండల యార్డుకు ఇచ్చేస్తానని స్థలం ఆసామి చెప్పి ఉన్నాడు. ఇంకేం చేస్తాం, ఆట మొదలుపెట్టాం.

ఎండ దిగినా నేల వేడిగా ఆవిరి కక్కుతోంది. డీజిలు వాసన, బజ్జీల నూనె వాసన. కాసేపటికి వాటి మధ్యలోంచి తడి సున్నం వాసన వచ్చింది. ఆ ఉడుకులో అదొక్కటే చల్లగా తగిలింది.

తెర మీద పాట నడుస్తోంది. రంగులన్నీ గోడంతా పారుతున్నాయి. ఆ మూల మాత్రం నల్లగా ఉంది. ఎవరో అడ్డం కూర్చున్నారనుకున్నాను. గోడ ముందు ఎవరూ లేరు. మోకాళ్లు ముడుచుకుని, భుజం మీద తువ్వాలుతో, ఒక మనిషి నీడ. పాట మారింది. బొమ్మ మారింది. నీడ కదల్లేదు.

తర్వాత అది చెయ్యెత్తింది... రమ్మన్నట్టు.

"మీ నాయన పిలుస్తాండాడు మే..." వెనక నుంచి అమ్మ గొంతు.

తిరిగి చూశాను. కుర్చీ ఖాళీ. గంజి గిన్నె నేల మీద దొర్లుతోంది. గోడ పట్టుకుంటే గాని నడవలేని మనిషి లారీల మధ్య గబగబా పోతోంది.

"ఆపప్పా! మిషను ఆపు!"

"ఈ పొద్దు ఆపితే మళ్లీ ఎవరొస్తారు?" జయపాల్ గొణిగాడు.

నేనే వైరు పీకేశాను. చీకటి.

పెద్ద తప్పు చేశాను. బొమ్మ ఆగితే గోడ మీదికి హెడ్‌లైట్లు వేసి హారన్లు కొట్టడం లారీవాళ్ల పాత అలవాటు. అక్కడే పుట్టి పెరిగిన నాకు భయంలో అది గుర్తు రాలేదు. ఒక్కసారిగా లైట్లన్నీ వెలిగాయి. గోడంతా తెల్లగా మండింది.

మూలలోని నీడ లేచి నిలబడింది.

అమ్మ ఆ వెలుగులోకి వచ్చింది. ఆమె నీడ గోడ మీద పొడుగ్గా పడింది. అమ్మ చెయ్యి చాచింది. గోడ మీద రెండు నీడల చేతులు కలిశాయి... అమ్మ ఇంకా గోడకు చాలా దూరంలోనే ఉంది.

పరుగెత్తి నడుము పట్టుకున్నాను. అటునుంచి ఎవరో లాగుతున్నారు. అమ్మ కుడిచెయ్యి గాల్లో నిటారుగా బిగుసుకుంది. ముట్టుకుంటే రాయి... చల్లటి రాయి.

"లైట్లు ఆర్పండి! మీ కాళ్లు మొక్కుతా, ఆర్పండి!"

ముందు వరసలో నాయన స్నేహితుడు, ముసలి డ్రైవరు అయ్యన్న ఉన్నాడు. మొదట ఆయన లారీ లైట్లు ఆరాయి. "ఆర్పండ్రా!" అని ఆయన అరిస్తే మిగతావీ ఆరాయి. చీకట్లో అమ్మ చెయ్యి ఒక్కసారి వదులైంది. ఇద్దరం వెల్లకిలా పడ్డాం.

గోడ ఉంచొద్దన్నాను. ఆ వారంలోనే పగలగొట్టించాం, జాగా బండల యార్డుకు పోయింది. జయపాల్ ఏడ్చాడు. అది నాయన బతుకంతా పోసి కట్టిన గోడ. అయినా అమ్మ దక్కింది, అదే చాలనుకున్నాను.

అమ్మ ఇప్పుడు బాగానే తింటోంది. నవ్వుతోంది కూడా. కానీ రోజూ తెల్లవారేసరికి ఆమె కుడి మణికట్టు చుట్టూ తడి సున్నం అంటుకుని ఉంటోంది. నూనె రాసి తుడుస్తాను. మరుసటి పొద్దున మళ్లీ ఉంటుంది.

"మీ నాయనే. వచ్చి చెయ్యి పట్టుకుంటాడు" అంటుంది. కట్టుకున్నవాడే కదా, ఏం చేస్తాడులే అని నేనూ సర్దిచెప్పుకున్నాను.

ఈ పొద్దున నూనె గిన్నెతో పక్కన కూర్చుంటే అమ్మ సగం కళ్లు తెరిచింది.

"ఈ రాత్రికి ఆయనతో పోతాండా దీవెనా. వస్తానని మాటిచ్చినా."

అమ్మ చెయ్యి కిటికీ వెలుగులోకి తిప్పాను. ఈ రోజు సున్నం చెదరలేదు. పట్టుకున్నవాడి కుడిచేతి వేళ్లు ఎక్కడెక్కడ బిగిసి పట్టాయో అచ్చుగుద్దినట్టు ఉంది.

నాయన కుడిచేతికి ఉన్నవి మూడే వేళ్లు. ఈ అచ్చులో అయిదూ ఉన్నాయి.