తలుపు బయట లెక్క

కొత్తగూడ ఫ్లైఓవర్ దిగి కొండాపూర్ వైపు వస్తుంటే ఎడమచేతి పక్కన ఒక అద్దాల బిల్డింగు కనబడుతుంది. కింద టిఫిన్ సెంటరు, దాని పక్కన మందుల షాపు. నాలుగో అంతస్తులో సువార్తమ్మ తొమ్మిదేళ్లుగా హౌస్‌కీపింగ్ చేస్తోంది. పొద్దున ఎనిమిదికల్లా వచ్చి, నీలం కోటు తొడుక్కుని, బకెట్లో నిమ్మవాసన మందు కలిపి గదులన్నీ తుడిచేసరికి ఆఫీసువాళ్లు ఒక్కొక్కరే కాఫీ కప్పులతో వస్తారు.

అది ఆటలు తయారుచేసే ఆఫీసు కాదు. ఆటలు తయారుచేసేవాళ్లకు పనిముట్లు చేసిపెట్టే ఆఫీసు. ఎంత చోద్యమో చూడండి. పిల్లలు ఫోన్లో ఆడే ఆటల్లో మనుషులు నడుస్తారు, ఉరుకుతారు, దెబ్బ తగిలి పడిపోతారు. ఆ నడకా, ఆ పడటమూ ఊరికే పుట్టవట. ఎక్కడో ఒక నిజం మనిషి నడవాలి, నిజం మనిషి పడాలి. అందుకని ఆ అంతస్తు చివర కిటికీల్లేని గది ఒకటి ఉంది. గోడలకు నల్లగుడ్డ, నేలమీద పలచటి చాప, పైన చుట్టూ ముప్పై కెమెరాలు. మనిషికి నల్ల సూటు తొడిగి, కీళ్ల దగ్గరల్లా రేగుపండంత బూడిదరంగు బుడిపెలు అంటిస్తారు. ఆ కెమెరాలకు మనిషి అక్కర్లేదు, బుడిపెలే కావాలి. కంప్యూటర్లో చూస్తే ముఖం ఉండదు, ఒళ్లుండదు. చీకట్లో చుక్కలు. ఆ చుక్కలే లేచి నడుస్తాయి.

చుక్కల్ని పట్టి దాచే టూల్ రాసింది రవికిరణ్. ముప్పై దాటినా ఇంకా సిగ్గుపడుతూ మాట్లాడే మనిషి.

"కదిలేటప్పుడు ఒక బుడిపె చాటుకు పోయిందనుకోండమ్మా, ఆ కాసేపు ఏం జరిగిందో టూలే ఊహించి పూడుస్తుంది. ఒకసారి పట్టిందంటే ఒక్క కదలిక కూడా పోనివ్వదు," అని మురిసిపోతూ చూపించాడొకసారి.

"అట్లనా బిడ్డా? అయితే మా ఆయన కల్లు తాగొచ్చి నడిచే నడక పట్టు. నీ మిషినికే చక్కరొస్తది," అంది సక్కుబాయి. రవికిరణ్ కాఫీ ఒలకబోసుకున్నాడు. తుడిచింది మళ్లీ ఆవిడే.

సక్కుబాయి సువార్తమ్మతో పాటు పనిచేసే మనిషి. కొత్తగూడ ఇంకా ఊరుగా ఉన్ననాడే అక్కడ పుట్టింది. సువార్తమ్మది గుంటూరు వైపు. మాట ఒకటి కాదు, దేవుడు ఒకటి కాదు, కానీ తొమ్మిదేళ్లు ఒకే డబ్బాలో అన్నం తిన్నారు. సక్కుబాయికి ఒక అలవాటుంది. నేలమీద కూచుని లేచేముందు అరచెయ్యి చాచి నేలమీద అరచందమామలా ఒకసారి తుడిచి, దుమ్ముందేమోనని చెయ్యి చూసుకుని గానీ లేవదు. లేచాక కొంగు నడుముకు చెక్కుతుంది. నలభై ఏళ్లు చీపురు పట్టిన చెయ్యి. ఆమెకు తెలియకుండానే చేసేది.

ఎండలు ముదిరే రోజుల్లో ఆటలు చేసే కంపెనీవాడొకడు ముసలామె పడిపోయే కదలిక కావాలన్నాడు. ఆ అంతస్తు మేనేజరు మధుకర్ పాంట్రీలోకి వచ్చాడు.

"సక్కుబాయ్, రెండు నిమిషాల పని. జర పడాలి, అంతే. మెత్తగానే ఉంటది."

సూటు తొడిగాక ఆమె తలుపు దగ్గరికొచ్చి చేతులు చాపి నిలబడింది. "ఎట్లున్న సువార్తక్కా? ఎలుగ్గొడ్డు లెక్క లేనా?"

లోపలున్న రవికిరణ్ తన కార్డు పెట్టి తలుపు మూశాడు. సువార్తమ్మ నడుముకు ఆ గది తాళంచెవితో, చేతిలో నేల తుడిచే తడికర్రతో బయట నిలబడింది. లోపల ధబ్ మని చప్పుడు. కాసేపటికి సర్ర్... చాపమీద అరచెయ్యి తుడిచిన చప్పుడు. తర్వాత మధుకర్ గొంతు: "వన్ మోర్ టేక్."

సువార్తమ్మ బొటనవేలు చూపుడువేలి కణుపు మీదికి వెళ్లింది. ధబ్. రెండో కణుపు. నాలుగు వేళ్లకు పన్నెండు కణుపులు. ఆ మధ్యాహ్నమూ, మర్నాటి మధ్యాహ్నమూ కలిపి మూడు చుట్లు తిరిగి, ఇంకో కణుపు మీద ఆగింది. ముప్పై ఏడు. ముప్పై ఏడో ధబ్ తర్వాత సర్ర్ మనే చప్పుడు రాలేదు.

"తలకాయ జర దిమ్ముగున్నదక్కా," అంటూ గోడ పట్టుకుని బయటికొచ్చింది సక్కుబాయి. నాలుగో రోజు దవాఖానలో పోయింది. తలలో రక్తం గడ్డకట్టిందన్నారు.

"ఇంట్లో బాత్రూంలో జారిపడిందంట పాపం. మన దగ్గర రెండే టేకులు," అన్నాడు మధుకర్. ఒక కాగితం తెచ్చి సువార్తమ్మ ముందు పెట్టాడు. అందులోనూ రెండే అని ఉంది. ఆమె అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది. చదవకుండా పెట్టానని చెప్పుకోవడానికి లేదు. మనవరాలు దీవెన నర్సింగు చదువు గుర్తొచ్చింది. సంతకం పెట్టింది.

సక్కుబాయి కూతురు లావణ్య రోజూ గేటు దగ్గరికి వచ్చి నిలబడేది. సెక్యూరిటీ లోపలికి రానివ్వడు. ఆ పిల్ల అడిగేది ఒక్కటే. "మా అమ్మ మీ తాన ఎన్నిసార్లు పడ్డది? గదొక్కటి చెప్పుండ్రి." సువార్తమ్మ వెనకదారిన పోయేది. మధుకర్ మీద మంట, తనమీద అంతకన్నా మంట. ఆదివారం పాస్టరుగారు అబద్ధ సాక్ష్యం గురించి చదువుతుంటే మధ్యలో లేచి వచ్చేసింది.

సక్కుబాయి పోయిన పన్నెండో రోజు మధ్యాహ్నం రెండున్నరకు రవికిరణ్ పాంట్రీలోకి వచ్చాడు. ముఖంలో నెత్తురు లేదు.

"అమ్మా, ఒకసారి ఆ గదిలోకి వస్తారా? మీకైతే... తెలుస్తుంది."

బయట ఎండ కణకణలాడుతోంది. ఆ గదిలో మాత్రం ఎప్పుడూ రాత్రే. నల్లగుడ్డ వాసన, వేడెక్కిన వైర్ల వాసన. ఇంకేదో కూడా... కొబ్బరినూనె. సక్కుబాయి తలకు పెట్టుకునే నూనె. సూటు కొక్కేనికి వేలాడుతోంది.

"ఆ టేకుల్లో రెండుంచి మిగతావి తీసెయ్యమన్నారు మధుకర్ సార్. ముప్పై అయిదు డిలీట్ చేశాను. మర్నాడు చూస్తే అన్నీ ఉన్నాయి. పైగా ఒకటి ఎక్కువ. మళ్లీ తీశాను. మళ్లీ వచ్చాయి, ఇంకొకటి ఎక్కువ. ఇవాళ నలభై."

అతను తెరమీద ముప్పై ఎనిమిదోది పెట్టాడు. చుక్కలు నేలమీద పడి ఉన్నాయి. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత ఒక్క చుక్క... వేలి దగ్గరిది... కదిలింది.

ముప్పై తొమ్మిది. చుక్కలు పక్కకు పొర్లాయి.

"పడ్డాక ఏం చేస్తుందో టూలే ఊహించి పూడుస్తోందనుకున్నాను. కానీ ఇది చూడండమ్మా."

నలభై. చుక్కలు లేచి కూచున్నాయి. కుడిచెయ్యి ముందుకు చాచింది. నేలమీద అరచందమామలా మెల్లగా తుడిచింది. చెయ్యి పైకెత్తి చూసుకుంది.

"ఇది నేను నేర్పలేదు," గుసగుసగా అన్నాడు రవికిరణ్. "ఏ టేకులోనూ కెమెరాలకు చిక్కలేదు. పడగానే ఆపేసేవాణ్ణి."

సువార్తమ్మకు భయం రావాల్సింది. ముందు వచ్చింది కోపం. చచ్చినదాన్ని కూడా లేవనివ్వలేదు వీళ్లు. రోజుకింత, రోజుకింత లేస్తోంది పిచ్చిది.

తలుపు తోసుకుని మధుకర్ వచ్చాడు. "ఏంది రవీ ఈ తమాషా? ఇంకా తియ్యలే? ఈమెకేం పని ఇక్కడ?"

"ముప్పై ఏడు సార్లండి," అంది సువార్తమ్మ.

"రెండే అని సంతకం పెట్టినవ్, గుర్తుందా?"

"గుర్తుందండి. అన్నం ముద్ద నోట్లో పెట్టినప్పుడల్లా గుర్తొస్తంది."

"అయితే గుర్తుంచుకోని నోరు మూసుకో. ఇద్దరూ బయటికి నడువుండ్రి. నేనే పీకేస్తా." వాళ్లను నెట్టి తలుపు వేసుకున్నాడు.

బయట వరండాలో ఏసీ చల్లగా వీస్తోంది. ఎవరో దూరంగా నవ్వుతున్నారు. సువార్తమ్మ తడికర్ర పట్టుకుని, ఆ రోజు నిలబడ్డ చోటే నిలబడింది.

ధబ్.

లోపల మధుకర్ నవ్వాడు. "ఏం కాలే. వైరు తగిలింది," అన్నాడు, ఎవరూ అడక్కుండానే.

సువార్తమ్మ బొటనవేలు చూపుడువేలి కణుపు మీదికి వెళ్లింది.

ధబ్.

ఈసారి నవ్వు లేదు. ఆమె తలుపుకు నోరు ఆనించి మెల్లగా అడిగింది.

"రెండేనా సార్?"

ధబ్.

"రవీ... డోర్..." లోపలి గొంతు సన్నబడింది. రవికిరణ్ కార్డు పెట్టాడు. ఎర్రలైటు. మళ్లీ పెట్టాడు. ఎర్రలైటు.

"అమ్మా, మీ నడుముకు తాళంచెవి ఉంది కదా! తియ్యండమ్మా!"

ఆమె అతని వంక చూసింది. "ఆ రోజు నీ కార్డు నీ చేతిలోనే ఉందిగా బాబూ."

అతను కార్డు దించేశాడు.

ధబ్. నాలుగు. ధబ్. అయిదు. లేవడం... పడటం. లేవడం... ఎవరో జబ్బ పట్టి లేపుతున్నట్టు కాళ్లు ఈడ్చిన చప్పుడు. ధబ్. ఆరు. సువార్తమ్మ కదల్లేదు. పడనీ. ముప్పై ఏడూ పడనీ. ధబ్. ఏడు.

అప్పుడు వినిపించింది.

సర్ర్...

తలుపుకు అవతల. దగ్గరగా. ఆమె పాదాలకు జానెడు దూరంలో. చాపమీద అరచెయ్యి.

సువార్తమ్మ కోపమంతా ఒక్కసారిగా నీరైపోయింది. పోయాక కూడా దీనికి పనేనా? పోయాక కూడా ఆ గదేనా?

"సక్కూ... చాలే తల్లీ. ఇంక లే."

తాళం తీసింది.

గదిలో దీపాల్లేవు. ముప్పై కెమెరాల ఎర్రచుక్కలు మాత్రం వెలుగుతున్నాయి. అన్నీ తలుపు వైపే తిరిగి ఉన్నాయి. మధుకర్ చాపమీద బోర్లా పడి ఉన్నాడు, ముక్కులోంచి రక్తం, కళ్లు తెరిచే ఉన్నాయి. సూటు కొక్కేనికే ఉంది. దాని మోకాళ్లకు చాప నూగు అంటుకుని ఉంది. తెరమీద చుక్కలు నిలబడి ఉన్నాయి. అక్కడ లేని కొంగును తీసి నడుముకు చెక్కుకున్నాయి. తర్వాత తల దగ్గరి చుక్కలు నెమ్మదిగా తిరిగాయి... తలుపు వైపు. తన వైపు.

తెర ఆరిపోయింది.

మధుకర్ బతికాడు. ఏమైందని దవాఖానలో అడిగితే, "బాత్రూంలో జారిన. ఒక్కసారే," అన్నాడట. మళ్లీ అడిగితే మళ్లీ అదే మాట, అదే గొంతుతో. ఇంకేమీ మాట్లాడ్డం లేదట.

ఆ సాయంత్రమే సువార్తమ్మ ఫ్లైఓవర్ వెనక సందులో ఉన్న సక్కుబాయి ఇంటికి వెళ్లింది. ఒక తెల్లకాగితం మీద తన చేత్తో రాసుకుపోయింది. సక్కుబాయి ఆ గదిలో ముప్పై ఏడు సార్లు పడింది, నేను లెక్కపెట్టాను. కింద సంతకం. లావణ్య గుమ్మంలో నిలబడే చదివింది.

"ముప్పై ఏడా?"

"అవునమ్మా."

"లెక్కపెట్టినప్పుడు నువ్వు ఏడున్నవ్?"

"తలుపు బయట."

"తాళంచెవి?"

సువార్తమ్మ చెయ్యి నడుము మీదికి పోయింది. "...నా దగ్గరే."

లావణ్య కాగితం మడిచి గుప్పిట్లో పెట్టుకుంది. తలుపు మెల్లగా, ఆమె ముఖం మీదే మూసింది.

సువార్తమ్మ ఆ మూసిన తలుపు ముందు ఎంతసేపు నిలబడిందో. ఫోను మోగింది. రవికిరణ్.

"అమ్మా... మీరెప్పుడూ ఆ సూటు వేసుకోలేదు కదా?"

"లేదు బాబూ. ఎందుకు?"

"ఇంకో టేకు వచ్చింది. నలభై ఒకటి. ఇందులో సక్కుబాయిగారు లేరు. ఇంకెవరో... తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. ఒక చేతిలో కర్ర లాంటిది. రెండో చెయ్యి బొటనవేలు కణుపుల మీద కదులుతోంది. ఏదో లెక్కపెడుతున్నట్టుంది."

"ముప్పై ఏడు దగ్గర ఆగిందా బాబూ?"

అవతల మౌసు నొక్కిన చప్పుడు.

"లేదమ్మా. గంట నుంచీ చూస్తున్నా... ఆగట్లేదు."

సువార్తమ్మ తన కుడిచేతి వంక చూసుకుంది. బొటనవేలు కణుపు మీంచి కణుపు మీదికి పోతోంది. ఆమె కదిలించడం లేదు.