నల్లబండలో ముఖం

మీకంటే బాగా చేసినవాళ్ళ పనిని పగలగొట్టాలని ఎప్పుడైనా అనిపించిందా మీకు? లేదని తల ఊపేవాళ్ళు కాస్త ఆగండి... ముందు ఇది వినండి.

డోన్ దాటి బేతంచెర్ల పోయే దోవలో మూతపడిన బండల పాలిష్ ఫ్యాక్టరీ ఒకటుంది. పొద్దు గూకితే ఆ పక్కకు ఎవరూ పోరు. అక్కడ బండలకు నీళ్ళు పోసే కూలి రామలక్ష్మమ్మ మీద ఒకనాడు పేర్చిన బండలు ఒరిగి, ప్రాణం పోయిందట. అప్పటినుంచి చీకట్లో అక్కడి నల్లబండల్లోకి చూస్తే — ఒక ముఖం కనబడుతుందట.

నాకు ఇది చెప్పింది మా వీధి కిరాణా కొట్టువాళ్ళ పిల్ల, శ్రీవాణి. తొమ్మిదో తరగతి.

ఆ ఏడు వాళ్ళ సైన్సు మాస్టరు అన్నాడట: "అంతరిక్షం కథల్లో చదువుతారే, అట్లాంటిది ఒకటి ఇంట్లో దొరికేవాటితోనే చేసుకురాండి. బాగున్నది ఒక్కటే కర్నూలు సైన్సు ప్రదర్శనకు పోతుంది."

శ్రీవాణి ప్లాస్టిక్ సీసాతో నీళ్ళ రాకెట్ చేసింది. సైకిల్ పంపుతో గాలి కొట్టి వదిలితే జివ్వున లేచి... మిద్దె మీద ఎండబెట్టిన వడియాల్లో పడింది.

పక్క బెంచీ స్వర్ణలత మాత్రం ఏదీ చూపించలేదు. ఆ మూతపడిన ఫ్యాక్టరీ వాళ్ళ నాయనదే. "మా ఫ్యాక్టరీలో, గాల్లో నిలబడే మనిషిని చేస్తాండా" అంది. అంతే! బడంతా అదే మాట. ఇంట్లో పుల్లమ్మ అవ్వ కూడా — "ఆ పాప మనిషినే చేస్తాందంట. నువ్వేమో నా వడియాలు నాశనం చేస్తివి!"

శ్రీవాణికి అన్నం సయించలేదు. కళ్ళు మూస్తే స్వర్ణలతే... కర్నూలు బస్సులో, కిటికీ పక్కన, నవ్వుతూ.

మర్నాడు ట్యూషనుకని చెప్పి, మసక చీకట్లో ఆ ఫ్యాక్టరీ గోడ దూకింది. చేతిలో రాయి. ఎవరైనా చూస్తారని సెల్‌లైటు కూడా వేయలేదు.

షెడ్డులో బండలు మనుషుల్లా నిలబడి ఉన్నాయి. ఎక్కడో... టప్. టప్. ఏళ్ళుగా మూతపడినచోట నీళ్ళెక్కడివి?

తడుముకుంటూ పోతే వేళ్ళకు చల్లగా గాజు తగిలింది. ఇదే! పళ్ళు బిగబట్టి రాయెత్తింది —

అప్పుడు కనబడింది.

గాల్లో... మొండెం లేని ముఖం. నిప్పుల్లాంటి కళ్ళు. ఎదుటివాళ్ళు బతికుండడమే ఓర్వలేనట్టు మెలితిరిగిన పెదవులు. ఆ ముఖం పక్కనే ఒక చెయ్యి లేచింది. చేతిలో రాయి.

"రామలక్ష్మమ్మా... నన్నేం చేయొద్దు..."

చేతిలోని రాయి జారి సొంత కాలి మీదే పడింది.

"ఎవురే అది?" — వెనక స్వర్ణలత, భుజాన సంచి.

శ్రీవాణి చెప్పింది విని, పడీపడీ నవ్వింది. "ఓసి పిచ్చిదానా, అది నీ మొగమే! ముందర గాజు, వెనక నల్లబండ. ఎదురుగా నిలబడినోళ్ళ మీద దీపం పడితే మొగం గాల్లో తేలుతాది. బాగా కనబడాలని ఇందాకే బండకు నీళ్ళు కొట్టి పోయినా. పాలిషు కుదిరిందా అని మావోళ్ళు అట్లనే నీళ్ళు కొట్టి చూసేటోళ్ళులే... కర్నూలుకు నువ్వూ రావే, దీన్ని మోయడానికి తోడు కావల్ల."

శ్రీవాణి తల దించుకుంది.

"అవునూ, ఈ రాయేందే?"

స్వర్ణలత నవ్వు ఆగిపోయింది. ఆమె చూస్తున్నది రాయిని కాదు... గాజు పక్కనున్న దీపాన్ని. మెల్లగా సంచిలో చెయ్యిపెట్టి దాని బ్యాటరీ బయటికి తీసింది.

"శ్రీవాణీ... ఛార్జింగుకని దీన్ని ఇంటికి తీసకపోయింటి. ఇప్పుడే తెస్తాండా." గొంతు గుసగుసగా మారింది. "దీపమే లేకుంటే... నీకెట్ల కనబడింది?"

దెయ్యాల్లేవని నేనెంత వాదించినా, ఈ ఒక్క ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. అందుకే మిమ్మల్నే అడుగుతున్నా. ఈ రాత్రి ఒక గాజుపలక నిలబెట్టండి. వెనక నల్లగుడ్డ కట్టండి. మీరు ఓర్వలేని మనిషిని తలుచుకుంటూ ఎదురుగా కూర్చోండి. దీపం మాత్రం వెలిగించకండి.

చూసి, ఏం కనబడిందో నిజం చెప్పండి.