నాన్న వదిలిపెట్టిన పోగులు

"ఇంకొన్ని గుంజితే సరిపోతదే," అంది శ్వేత.

ఆదివారం మధ్యాహ్నం. దసరా సెలవులు. శ్వేత, ఆమె దోస్తు సరిత కలిసి శ్వేత వాళ్లింటి వెనక షెడ్డులో కూర్చుని, మూలనున్న సాంచెలోంచి దారాలు లాగుతున్నారు. స్కిప్పింగ్ తాడు తెగిపోయింది మరి. కొత్తది జడలా అల్లుకుంటున్నారు.

షెడ్డులో నాలుగు సాంచెలున్నాయి. సాంచె అంటే కరెంటుతో నడిచే మగ్గం. సిరిసిల్లలో పిల్లలు సాంచెల చప్పుడుకు నిద్రపోతారు, చప్పుడు ఆగితే లేస్తారు. కానీ ఈ నాలుగూ ఆగి రెండేళ్లయింది. పని దొరక్క శ్వేత నాన్న హరీశ్ మహారాష్ట్రలోని భీమండి వెళ్లి, అక్కడ ఎవరివో సాంచెలు నడుపుతున్నాడు. ఇక్కడేమో రేకు పగిలి వాన లోపలికి వస్తోంది. నేలంతా గడ్డి. కిటికీలోంచి దొండతీగ దూరి మూడు సాంచెలను చుట్టేసింది. నాలుగోది కిటికీకి దూరంగా, తలుపు దగ్గర మూలన ఉంది కాబట్టి బతికిపోయింది.

ఇంతలో వాకిట్లో ఆటో ఆగింది. అమ్మ భాగ్య, తాత కొమురయ్య కలిసి నూలు చుట్టిన పెద్ద బీమును లోపలికి దొర్లించుకొచ్చారు. పిల్లలు గభాలున లేచారు.

"నూలిచ్చే ఎల్లేశం సేటు ఒక్క బీము ఇచ్చిండు," అంది అమ్మ. "బుధారం నాడు వెంకటి అచ్చి మూడు సాంచెలు తుక్కుకు తీస్కపోతడు. నాలుగోది నేను నడుపుత."

"బుధారం దాకా అది తయారైతే ఉంటది," అన్నాడు తాత. "లేకుంటే నాలుగూ పోతయ్. వెంకటికి మాట ఇచ్చిన."

తాత వెళ్లి నాలుగో సాంచె మీద చెయ్యి పెట్టాడు. పన్నె మీద వేళ్లు నడిపాడు. పన్నె అంటే పోగులను వరసలో నిలిపే ఇనుప దువ్వెన. ఆ వేళ్లు సగం దూరం వెళ్లి ఆగిపోయాయి.

"పోగులేయి?"

"ఎలుకలు కొరికినయేమో తాతా," అంది శ్వేత.

తాత ఆమె చేతిలోని తాడు చూశాడు.

"ఎలుకలు జడలు గూడ అల్లుతయా బిడ్డా?"

సరిత మెల్లగా గోడ పక్కకు జరిగింది. శ్వేత ముఖం మాడిపోయింది. అయినా బుకాయించింది. "పాత దారాలే గదా. బట్ట అయిపోయినంక మిగిలిన ముక్కలు."

"ముక్కలు గావు," అన్నాడు తాత. "బీము అయిపోయినా నేతగాడు చివరి పోగులు తియ్యడు. పన్నెలనే ఉంచుతడు. కొత్త బీము అచ్చినప్పుడు గీ కొసకు గా కొస అతుకుతడు. మీ నాయిన భీమండి పోయేనాడు గీ ఒక్కదాంట్ల పోగులు ఉంచి పోయిండు. మళ్ల అస్త అని."

చేతిలో ఉన్నది తాడు కాదు, నాన్న మాట అని శ్వేతకు అప్పుడు తెలిసింది. ఆమెకు తన మీద తనకే కోపం వచ్చింది.

"నేనే గుంజిన తాతా. ఎలుకలు గాదు."

తాత కూలబడ్డాడు. "ఇంక అయిపాయె. రెండు వేల పోగులల్ల సగం పోయినయ్. ఒక్కొక్కటి సాంచెకున్న ఇనుప తీగల కన్నంల నుంచి తియ్యాలె, పన్నెల దూర్చాలె. గా పని తెలిసినోళ్లు పండుగ పూట దొరకరు. నాకు తెలుసు గని కండ్లు కనబడయ్. భాగ్యా, వెంకటికి ఫోన్ జెయ్యి. నాలుగూ తీస్కపొమ్మను."

"చెయ్య," అంది అమ్మ. అంతే అంది.

"నాకు కండ్లు కనబడతయ్," అంది శ్వేత.

ఆ మధ్యాహ్నమే పని మొదలైంది. మిగిలిన సగం పోగులను అమ్మ ఒక్కొక్కటే అతికింది. పోయిన సగం దగ్గర తాత సాంచె వెనక కూర్చుని, తడుముకుంటూ కొత్త బీము నుంచి ఒక్కో పోగు అందించాడు. శ్వేత ముందు కూర్చుని సన్నటి కొక్కెంతో దాన్ని కన్నంలోంచి లాగింది. వేళ్లు కోసుకుపోయాయి. మెడ పట్టేసింది. సోమవారం ఒక కన్నం తప్పింది. అది ఎవరూ చూడలేదు. శ్వేతే చెప్పి, తర్వాత దూర్చిన నలభై పోగులూ తీసి మళ్లీ దూర్చింది.

మంగళవారం పక్కింటి నాగవ్వ తొంగిచూసింది. "ఆడిది సాంచె నడుపుడేంది భాగ్యా? నలుగురు నవ్వుతరు."

"నవ్వనియ్యి నాగవ్వా," అంది అమ్మ. "నవ్వితే నూలు తెగదు."

శ్వేతకు ఆ మాట భలే నచ్చింది. సరిత ఆటకు పిలిచినా పోలేదు.

బుధవారం పొద్దున్నే వెంకటి ట్రాలీతో దిగాడు. మనుషులను పెట్టి దొండతీగ కోయించి, మూడు సాంచెలనూ విప్పి ఎక్కించాడు. ఇనుము మీద ఇనుము పడ్డప్పుడల్లా తాత ఉలిక్కిపడ్డాడు. తర్వాత వెంకటి వచ్చి నాలుగో సాంచె ముందు నిలబడ్డాడు. ఇంకా బెత్తెడు వెడల్పు ఖాళీగానే ఉంది.

"ఇయ్యాల బుధారం మామా," అన్నాడు వెంకటి. "తయారు గాలే. మాట మాటే."

తాత తల దించుకున్నాడు. అమ్మ నోరు తెరవబోయింది.

శ్వేత కొక్కెం మీద నుంచి కన్ను తిప్పలేదు.

"బుధారం ఇంక అయిపోలే కాకా. జర పక్కకు జరుగు, వెలుతురుకు అడ్డమస్తున్నవ్."

వెంకటి జరిగాడు. వెనక నుంచి తాత ఇంకో పోగు అందించాడు.