రెండో తాళంచెవి

పెద్దల్లుడు మోసం చేశాడు.

చేస్తాడని చిన్నల్లుడికి తెలుసు. తెలిసే ఇచ్చాడు!

ఇప్పుడు మెట్లెక్కి పరిగెడుతున్నాడు. లిఫ్టు పైనెక్కడో ఇరుక్కుంది. మిట్టమధ్యాహ్నం ఉక్క. చొక్కా వీపుకి అంటుకుపోయింది. చెవి దగ్గర ఫోను. ఫోన్లో భార్య.

"ఏవండీ... వింటున్నారా?"

"ఆఁ... చెప్పు."

"మేం ఎటు వెళ్తున్నామో బావకి ఎలా తెలిసిందండీ?"

ఆయాసం ఉంది. దాన్నే వినిపించాడు.

ఆమె గొంతు తగ్గించి మాట్లాడుతోంది. వ్యాన్లో ఉంది. పక్కన వాళ్లక్క. పెద్దల్లుడి పెళ్లాం. చిన్నల్లుడికి వదిన.

పెద్దల్లుడు బ్యాంకు క్యాష్ వ్యాన్‌కి గార్డు. ఒంటి మీద యూనిఫాం. నడుముకి తుపాకీ. పగలంతా ఊరి డబ్బుకి కాపలా. ఇంటికొస్తే పెళ్లాం మీద చెయ్యి.

నిన్న చెయ్యి కాదు. తుపాకీ తీసి కణతకి ఆనించాడు. నవ్వుతూ!

పొద్దున్నే వదిన చెల్లెల్ని పిలిచింది. ఇద్దరూ కలిసి హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశారు. కర్టెన్లు కట్టిన తెల్ల వ్యాన్ వచ్చింది. ఇలాంటి ఆడవాళ్లని ఎవరికీ తెలియని చోటికి చేర్చే వ్యాన్. అక్కని ఒంటరిగా పంపలేక చెల్లెలూ ఎక్కేసింది. ఫోన్లన్నీ ఆపమన్నాడు డ్రైవరు. ఈవిడ ఆపలేదు. కొంగులో దాచుకుంది.

ఆ ఫోన్‌కే ఇందాక పెద్దల్లుడు చేశాడు.

డిపో దాటారుగా, ఇప్పుడు ఫ్లైఓవర్ ఎక్కుతారు, ఎక్కండి, వెనకే వస్తున్నా... అన్నాడట. తాపీగా. కాలక్షేపానికి మాట్లాడినట్టు.

"పైనుంచి చూస్తున్నట్టు చెప్తున్నాడండీ... దేవుడిలాగ."

దేవుడు కాదు. మీ ఆయనే చూపిస్తున్నాడు... అనలేకపోయాడు.

ఆఖరి అంతస్తు!

కార్డు గీశాడు. ఎర్ర లైటు. చెమట చేత్తో మళ్లీ గీశాడు. ఎర్ర లైటు! ప్యాంటుకి తుడిచి గీశాడు.

తలుపు తెరుచుకుంది.

కంట్రోల్ రూమ్. చల్లగా, చీకటిగా. గోడంతా స్క్రీను. దాని నిండా పచ్చ చుక్కలు. ఒక్కో చుక్క ఒక్కో బండి. బడి బస్సులు, అంబులెన్సులు, క్యాష్ వ్యాన్లు... ఆ తెల్ల వ్యాన్లు కూడా. అన్నిటికీ దారి చెప్పేది ఈ గదే. అన్నీ ఒకే కంప్యూటర్ సర్వీసు మీద నడుస్తాయి.

మధ్య సీట్లో సూపర్‌వైజర్. అందరి తప్పులూ దిద్దుతుంది కాబట్టి చాటున అందరూ పిలిచేది టీచరమ్మ అని. ఎదురుగా మాత్రం మేడమ్.

"సెలవు పెట్టినవాడివి ఊడిపడ్డావేంటయ్యా? ఇంట్లో తరిమేశారా?"

నవ్వబోయాడు. మొహం కదల్లేదు.

ఇక్కడే చెప్పేయాలి. మేడమ్, ఒకడు తుపాకీతో మన వ్యాన్ వెనక పడ్డాడు, దారి మార్పించండి... అంతే. రెండు ముక్కలు.

కానీ ఆ రెండు ముక్కల తర్వాత ఆవిడ మూడోది అడుగుతుంది. వాడికి దారెలా తెలిసిందని.

నోరు తెరిచాడు.

"పర్సు మర్చిపోయా మేడమ్."

తన కుర్చీ వైపు నడిచాడు.

పాస్‌వర్డ్ కొట్టాడు. నల్ల స్క్రీను. మౌసు ముట్టడు ఇతను. అన్నీ టైపు కొట్టే చేస్తాడు. ఆఫీసులో అదో గొప్ప. అత్తారింట్లో మాత్రం 'టైపు కొట్టుకునే అల్లుడు'.

అక్కడే మొదలైంది ఇదంతా.

ఆ రోజు మామగారింట్లో చుట్టాలంతా ఉన్నారు. పెద్దల్లుడు వచ్చి భుజం మీద చెయ్యేశాడు. మా క్యాష్ వ్యాన్లు ఎక్కడ తిరుగుతున్నాయో నా ఫోన్లో కనబడితే చాలు, అది మా తమ్ముడి వల్లే అవుతుంది, ఇంత పెద్ద సర్వీసు తాళాలు వీడి గుప్పిట్లో ఉంటాయి... అన్నాడు. అందరూ వినేట్టు.

మామగారు తలతిప్పి చూశారు. పెళ్లయ్యాక మొదటిసారి సరిగ్గా చూశారు! లోపల్నుంచి కుర్చీ తెప్పించి వేయించారు.

ఆ కుర్చీ కోసం ఇచ్చాడు.

ప్రతి బండిలో చిన్న స్క్రీను ఉంటుంది. అది సర్వీసుతో మాట్లాడాలంటే కీ చూపించాలి. పొడుగాటి అక్షరాల వరస. కీ చూపిస్తే తలుపు తీస్తుంది. నువ్వెవరని అడగదు. సర్వీసుకి రెండు కీలుంటాయి. మొదటిది బండ్లు వాడేది. రెండోది స్పేరు.

ఒక్క లైను కమాండ్ కొడితే రెండూ తెర మీదకొస్తాయి. ఆ రోజు కొట్టాడు. స్పేరుది కాపీ చేశాడు. పంపాడు. స్పేరు కదా, ఎవరికీ తెలీదు.

ఆ కీతో క్యాష్ వ్యాన్లు మాత్రమే కాదు, అన్ని బండ్లూ కనబడతాయి. ఆ సంగతి పెద్దల్లుడు అడగలేదు. ఇతను చెప్పలేదు. ఇద్దరికీ తెలుసు.

"ఏవండీ... అక్క వణికిపోతోంది. ఏం చేస్తున్నారు మీరు?"

"ఆపేస్తున్నా. వాడికి కనబడకుండా ఆపేస్తున్నా."

"ఎలా కనబడుతోందసలు?"

ఫోన్ బల్ల మీద పెట్టాడు. చెవికి కాస్త దూరంగా.

పై బాణం నొక్కాడు. పాత కమాండ్లు వెనక్కి వస్తాయి. ఒకటి... ఇంకొకటి... ఇంకొకటి...

ఆగాడు.

ఆ రోజుది. కీలు చూపించమని కొట్టిన లైను. అక్షరం చెరగలేదు. చెరపాలని తోచలేదు అప్పుడు. గర్వంగా ఉండిందేమో!



దాన్ని తుడిచి కొత్త లైను కొట్టాడు. రెండో కీ రద్దు చెయ్యి, కొత్తది పుట్టించు. వేళ్లు తడబడ్డాయి. ఎర్రర్! సర్వీసు పేరులో ఒకక్షరం పోయింది. దిద్దాడు.

నిజంగానా అని స్క్రీను అడిగింది. అవునా, కాదా?

ఇంతే. ఎంటర్ కొడితే పెద్దల్లుడి ఫోన్ గుడ్డిదవుతుంది. బండ్లు మొదటి కీ మీద హాయిగా తిరుగుతాయి. ఎవరికీ ఏమీ తెలీదు. పర్సు మర్చిపోయి వచ్చినవాడు పర్సుతో వెళ్లిపోతాడు.

ఎంటర్.

గోడ ఆరిపోయింది!

చుక్కలన్నీ. ఒక్కసారిగా. బస్సులు, అంబులెన్సులు, తెల్ల వ్యాన్... ఒక్కటి లేదు. ఖాళీ వీధులు.

టీచరమ్మ లేచి నిలబడింది. కుర్చీ వెనక్కి దొర్లింది.

"ఎవరు ముట్టుకున్నారు?"

గదిలో ఉన్నది ఇద్దరే.

ఆవిడ అతని స్క్రీను దగ్గరికొచ్చింది. వంగి చదివింది. ఒకసారి, మళ్లీ ఒకసారి. చదువుతూంటే ఆవిడ మొహంలో రంగు పోయింది.

"రెండోది రద్దు చేశావా?"

"స్పేరు కదా మేడమ్... ఎవరూ వాడరు కదా..."

"పొద్దున్న మొదటి కీ మార్చే డ్యూటీ పడిందయ్యా! అది మార్చాలంటే ముందు బండ్లన్నిటినీ రెండోదాని మీదకి తోలాలి. తోలి మార్చాను. తిరిగి వెనక్కి తేలేదింకా."



ఒక్క మాట. వచ్చీరాగానే ఒక్క మాట చెప్పుంటే ఆవిడే ఆపేది!

బల్ల మీద ఫోన్లోంచి బీప్... బీప్... దాని వెనక భార్య.

"ఏవండీ, ఇదేదో మోగుతోంది. డ్రైవరు బండి పక్కకి తీస్తున్నాడు."

"ఆపొద్దని చెప్పు! పోనివ్వమను!"

అవతల ఏదో మాటల గొడవ. మళ్లీ ఆమె. ఫోన్లో ఎవరేం చెప్పినా వినడట డ్రైవరు. ఎవడైనా చెప్పొచ్చుగా అంటున్నాడట. లింకు పోతే బండి ఆపాలి, స్క్రీను మీద మాట వస్తేనే కదలాలి, అదే రూలంటున్నాడట.

ఆ రూలు పెట్టింది టీచరమ్మే. ఆడవాళ్ల మంచికే పెట్టింది.

ఆవిడ ఫోన్ వైపు చూసింది. అతని వైపు చూసింది.

"ఆ బండిలో నీకెవరున్నారు?"

"మా ఆవిడ. వాళ్లక్క."

"వెనక ఎవరైనా పడ్డారా?"

తలూపాడు. వాళ్లాయన, తుపాకీ ఉంది, అని చెప్పాడు. మూడో ప్రశ్న వస్తుందని కళ్లు మూసుకున్నాడు.

ఆవిడ అడగలేదు. పోలీసులకి డయల్ చేస్తూ, "కొత్త కీ తియ్యి" అంది. "తీసి నాకు పంపు. బండ్లకి ఎక్కిస్తా. కదులు!"

మళ్లీ పై బాణం. మళ్లీ అదే లైను. కీలు చూపించు. ఆ రోజు కొట్టిందే, ఈ రోజూ!

రెండు కీలు వచ్చాయి. ఇప్పుడే పుట్టిన రెండోదాన్ని కాపీ చేశాడు. పంపాడు. ఆవిడ ఒక చేత్తో టైపు కొడుతోంది. భుజానికీ చెవికీ మధ్య ఫోను. పోలీసులు పేరు అడుగుతున్నారు, ఊరు అడుగుతున్నారు. బండి ఎక్కడుందంటే మాత్రం ఆవిడ దగ్గర జవాబు లేదు. గోడ ఖాళీ.

ఇతను బల్ల మీద ఫోన్ అందుకున్నాడు. భార్య గుసగుస.

"ఏవండీ... యూనిఫాం మనిషెవరో వస్తున్నాడంటున్నాడు డ్రైవరు. కర్టెన్లలోంచి మాకేం కనబడట్లేదు. ఫోన్ చూస్తే ఊరుకోడు, దాచేస్తున్నా. మీరు పెట్టెయ్యకండి."

ట్రాఫిక్ పోలీసు అయ్యుంటాడు. అయితే మంచిదే. పోలీసు ఉండగా పెద్దల్లుడు దగ్గరికి రాలేడు.

గుడ్డ రాసుకుంటున్న చప్పుడు. తర్వాత ఏమీ లేదు.

గోడ మీద ఒక చుక్క వెలిగింది.

అంబులెన్సు. తర్వాత బడి బస్సు. తర్వాత గుంపుగా... టపటపా!

తెల్ల వ్యాన్ రాలేదు.

టీచరమ్మ పళ్లు బిగించి చూస్తోంది. ఇతను గోడ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. ఫ్లైఓవర్ దిగాక రోడ్డు పక్కన... ఆ చోటు మీద వేలు పెట్టాడు. పెడితే వస్తుందన్నట్టు.

వచ్చింది!

వేలి కింద పచ్చగా. కదలకుండా.

ఆవిడ మెసేజ్ కొట్టింది. 'లింకు వచ్చింది. ఆగొద్దు. వెంటనే కదులు.'

చుక్క కదల్లేదు... ఇంకా కదల్లేదు...

చుక్క కదిలింది.

టీచరమ్మ ఊపిరి వదిలింది. పోలీసులకి వీధి పేరు చెప్పింది. కళ్లజోడు తీసి చీర చెంగుతో తుడుచుకుంది.

"నువ్వు ఎక్కడికీ వెళ్లకు. ఇప్పుడు మనం మాట్లాడుకోవాలి" అంది.

అతనికి వినబడలేదు. గోడకి ఆనుకుని కింద కూర్చుండిపోయాడు. ఫోన్ చెవికి పెట్టుకున్నాడు. లైను ఇంకా ఉంది. ఇంజిన్ చప్పుడు. గేరు మారుతున్న చప్పుడు.

బతికారు. ఇద్దరూ బతికారు.

ఇక మోయలేకపోయాడు.

"ఇదిగో... నువ్వేం అనకు. ముందు విను. మీ బావకి ఎలా తెలిసిందని అడిగావు చూడు... నేనే. నేనే ఇచ్చా. క్యాష్ వ్యాన్లకే అన్నాడు, కాదని నాకు తెలుసు. తెలిసే ఇచ్చా. మీ నాన్న నాకు కుర్చీ వేయించారని..." ఫోన్‌ని రెండు చేతులా పట్టుకున్నాడు. "మీ అక్కకి నేను చెప్పుకుంటా. కాళ్లు పట్టుకుంటా. నువ్వు మాత్రం..."

ఇంజిన్ చప్పుడు.

"ఏదో ఒకటి అను."

అవతల ఎవరో గొంతు సవరించుకున్నారు.

ఆడగొంతు కాదు.

"ఇంకోసారి చెప్పు తమ్ముడూ. స్పీకర్లో పెట్టా. మీ వదినకి సరిగ్గా వినబళ్లేదట."



గోడ వైపు తల తిప్పాడు. చుక్క మెయిన్ రోడ్డు వదిలేసింది. ఊరి బయటికి పోతోంది. టీచరమ్మ ముందుకి వంగింది.

"వీడిటు ఎక్కడికి తీసుకెళ్తున్నాడు?"

"అన్నయ్యా..." అన్నాడు ఫోన్లో. "అన్నయ్యా, నీకు దణ్ణం పెడతా. నన్నేమైనా చెయ్యి. వాళ్లని దించెయ్యి."

"నిన్నెందుకు చేస్తాను తమ్ముడూ? ఇంతమందిలో నాకు సాయం చేసింది నువ్వొక్కడివే."

వెనక భార్య గొంతు. తనతో కాదు.

"బావా... అక్కని వదిలెయ్ బావా... బావా, వద్దు..."

ఢాం!

గోడ మీద చుక్క ఆగలేదు. పచ్చగా, నిదానంగా, పోతూనే ఉంది.