విప్పని కార్లు

ఆదివారం ఉదయం ఏడు గంటలకు చేరవేత బండి విశాఖపట్నం కంచరపాలెంలో డాక్టర్ మజ్జి హైమావతి ఇంటి ముందు ఆగి, ఆమె దగ్గరున్న బొమ్మ కార్లన్నీ అప్పగించమని అడిగింది.

హైమావతి పళ్ళ డాక్టరు. వయసు యాభై తొమ్మిది. కాఫీ గ్లాసుతోనే గేటు దగ్గరకు వచ్చింది.

"అన్నీనా?" అంది.

"నూట అరవై," అంది బండి. దానికి డ్రైవరు లేడు. "అన్నీ జపాన్ స్పోర్ట్స్ కార్ల నమూనాలు. ఒక్కటీ వాడుకలో లేదు. వీటికోసం వేరే ఊళ్ళలో పిల్లలు అడిగి ఉన్నారు. సాయంత్రం ఆరు వరకు ఇక్కడే ఉంటాను."

విశాఖలో వినియోగ వలయం మొదలై పదకొండేళ్ళయింది. ఊళ్ళో ప్రతి వస్తువుకూ ఆవగింజంత వాడుక గింజ ఉంటుంది. వస్తువు రెండేళ్ళు కదలకపోతే గింజ వలయానికి చెబుతుంది. వలయం ఆ వస్తువును అడిగినవాళ్ళకు పంపుతుంది. కొత్తవి చేయించదు, ఉన్నవాటినే తిప్పుతుంది. అటక మీది గ్రైండర్లు, బీరువాల్లోని పట్టుచీరలు, మెట్ల కింది సైకిళ్ళు అలా చేతులు మారాయి. కొత్త ఇళ్ళకు అటకలు కట్టడం మానేశారు. జనానికి వలయం నచ్చింది. హైమావతి క్లినిక్‌లో పేషెంట్లు పడుకునే కుర్చీ కూడా వలయం తెచ్చిందే.

ఇబ్బంది సేకరించేవాళ్ళకు వచ్చింది.

హైమావతి కార్లు ఒక్కొక్కటి వేలెడంత. అసలు కారులో అరవై నాలుగో వంతు. లోహంతో పోత పోసిన ఒళ్ళు, తిరిగే చక్రాలు. ప్రతిదీ అట్టకు అంటించిన ప్లాస్టిక్ బుడగలో ఉంది. అట్ట నలగకూడదు, బుడగ ఊడకూడదు. ఆమెలా సేకరించేవాళ్ళ నియమం అది. గింజలు పెట్టడానికి వచ్చిన వలయం ఉద్యోగి బుడగలకు సూదితో బెజ్జాలు చేసిన రోజున ఆమె క్లినిక్ తెరవలేదు.

తర్వాత ఒక ఉపాయం కనిపెట్టింది. నెలకోసారి ప్యాకెట్లన్నీ బయటకు తీసి ఒక్కొక్కటే ఊపేది. కారు కదిలిందని గింజ నమోదు చేసేది. పోయిన వారం వలయం ఊపడానికీ దొర్లించడానికీ తేడా నేర్చుకుంది. పాత నమోదులన్నీ కొట్టేసింది.

బండి వచ్చిన కాసేపటికి ఎదురింటి నుంచి కర్రి నూకరాజు వచ్చాడు. ఆయన వకీలు. ఆయన సేకరించేవీ జపాన్ కార్లే. కానీ తెచ్చిన రోజే విప్పి దొర్లిస్తాడు. ఆరేళ్ళ క్రితం హైమావతి ఇంట్లో మాటల్లో పడి ఒక స్కైలైన్ కారు ప్యాకెట్ చింపేశాడు. అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు.

"ఏటి డాక్టరమ్మా, కార్లన్నీ వెళ్ళిపోతన్నాయట?"

"మీకెవరు చెప్పారు?"

"బండి మీద రాసుందండి. వీధంతా చదివేసింది."

"మీరూ చదివారుగా. ఇక వెళ్ళండి."

"వెళ్తాను గానీ, వలయం నిబంధన ఒకటుంది. బొమ్మకి వాడుకంటే ఆట. ఆటంటే ఇద్దరు. గడువులోపు ఇద్దరు మనుషులు దొర్లించేరనుకోండి, బండి ఖాళీగా పోవాల్సిందే."

హైమావతి బండి వైపు తిరిగింది. "నిజమేనా?"

"నిజమే. ప్రతి కారూ ఒకరి చేతినుంచి బయల్దేరి మరొకరి చేతికి చేరాలి. ఒకసారి తోసి ఆపేస్తే ఆట కాదు. మళ్ళీ తొయ్యాలి."

"ప్యాకెట్‌తో సహా తోస్తే?"

"చక్రాలు నేలను తాకాలి," అంది బండి.

హైమావతి లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. అప్పగిస్తే కార్లు ప్యాకెట్లతోనే ఊరు దాటి, తలో చోటికీ చేరతాయి. ఉంచుకోవాలంటే ప్యాకెట్లు తనే విప్పాలి. ముప్పై ఐదేళ్ళ సేకరణ అది. తొమ్మిదింటికి తలుపు తీసింది. చేతిలో క్లినిక్ సామాను పళ్ళెం ఉంది.

నూకరాజు మెట్ల మీదే కూర్చుని ఉన్నాడు.

"రండి," అంది. "మీరు ముట్టుకోవద్దు. కోసేది నేను."

"నాకేటండీ, నేను చేతులు కట్టుకునే ఉంటాను."

మొదట వెండి రంగు ఫెయిర్‌లేడీ కారు తీసింది. పళ్ళ గార గీకే పరికరం మొన బుడగ అంచు కింద పెట్టి చుట్టూ తిప్పింది. బుడగ లేచింది. అట్ట చిరగలేదు. పెయింటు వాసన వచ్చింది. ఇద్దరూ ఒకేసారి వంగారు, తలలు తగిలాయి.

"ఈ వాసన నాకు తెలిసినంత మీకు తెలీదు," అన్నాడు నూకరాజు నుదురు రుద్దుకుంటూ.

"మీది చింపిన వాసన."

హాల్లో ఎదురెదురుగా కూర్చుని కారును అటూ ఇటూ దొర్లించారు. "ఒకటి నమోదైంది," అంది బండి బయటనుంచి. పదకొండు దాటేసరికి ఇరవై కూడా కాలేదు.

"ఇద్దరితో అయ్యే పని కాదండి," అన్నాడు నూకరాజు. "వీధిలో పెట్టేద్దాం."

వాళ్ళ వీధి కొండ వాలు మీద ఉంది. పిల్లలందరూ ఆదివారాలు భీమిలి ఈత బడికి వెళ్తారు. వీధిలో ఉన్నది పెద్దవాళ్ళే. నూకరాజు వలయాన్ని పాత కిటికీల అల్యూమినియం పట్టాలు అడిగాడు. అరగంటలో ఇంకో బండి వచ్చి దించి వెళ్ళింది. వాటిని వాలు పొడవునా రెండు వరసలుగా పరిచి, కీళ్ళకు టేపు చుట్టారు. పైన ఒకరు వదలాలి, కింద ఒకరు పట్టుకోవాలి.

మొదట నలుగురు వచ్చారు. ఒంటిగంటకు వీధి నిండింది.

"నాకు ఆ ఎర్రది."

"అది నేను ముందు అడిగేను."

"తోశాడు! నేను చూశాను, ఫౌలు!" అని ఒకావిడ అరిచింది. తోసింది ఆమె భర్తే.

"చెయ్యి తగిలిందే!"

"తగిలితే అంత దూరం పోద్దా? మళ్ళీ పెట్టు!"

హైమావతి గుమ్మంలో కూర్చుని ప్యాకెట్లు విప్పుతూనే ఉంది. ఏ కారు ఏ ఏడాది పోత పోసిందో ఆమె చూడకుండా చెప్పగలదు. ఒక్కటీ పరుగెత్తగా చూడలేదు. వీధి మరోసారి గోలపెట్టినప్పుడు తల ఎత్తింది.

"ఏ కారు?"

"సుప్రా! సన్యాసమ్మ మామ్మది!"

హైమావతి పరికరం పక్కన పెట్టి లేచి వెళ్ళింది. సన్యాసమ్మకు ఎనభై ఒకటి. అప్పటికి వరసగా నాలుగు పందేలు గెలిచింది.

"ఏటి మామ్మా మంత్రం?" అన్నాడు నూకరాజు.

"మంత్రమేటి నాయనా. మీరు తోత్తన్నారు. నాను వదిలేత్తన్నాను."

ఐదు దాటాక ఒక్క ప్యాకెట్ మిగిలింది. పసుపు రంగు ఆర్‌ఎక్స్-7. హైమావతి సేకరణలో మొదటిది.

"ఇది విప్పమని నేననను," అన్నాడు నూకరాజు. "ఒక్కటే కదా, ప్యాకెట్‌తోనే పోనివ్వండి. ఎవరి దగ్గరైనా అలాగే ఉంటాదేమో."

"మీ కారు తియ్యండి."

"నా కారేటి?"

"జేబులోది. మీరది లేకుండా గడప దాటరని నాకు తెలుసు."

ఆయన జేబులోంచి ఏఈ86 తీశాడు. ఇరవై ఏళ్ళుగా దొర్లించిన కారు. తలుపుల మీద రంగు పోయి లోహం కనబడుతోంది. హైమావతి ఆర్‌ఎక్స్-7 బుడగ విప్పింది. ఇద్దరూ పైకి వెళ్ళి కార్లు పట్టాల మీద పెట్టారు. వీధి మూడు లెక్కపెట్టింది.

నూకరాజు తోశాడు. హైమావతి వదిలింది.

సగం దూరం దాకా ఏఈ86 ముందుంది. తర్వాత పట్టా గోడకు రాసుకుంది. పసుపు కారు ముందుగా కిందికి చేరి సన్యాసమ్మ చేతిలో పడింది.

"డాక్టరమ్మదే!"

"ఇరవై ఏళ్ళు తర్ఫీదిచ్చేనండి దానికి!" అన్నాడు నూకరాజు.

"నాది ముప్పై ఐదేళ్ళు విశ్రాంతి తీసుకుంది," అంది హైమావతి. రెండు చేతులూ పైకెత్తి అరిచింది. ఆమె అరవడం వీధి అంతకుముందు వినలేదు. "మామ్మా, పైకి పంపు! మళ్ళీ!"

రెండోసారీ గెలిచింది.

"నూట అరవై నమోదయ్యాయి," అంది బండి. ఆరు కాకముందే ఖాళీగా వెళ్ళిపోయింది. ఈత బడి నుంచి వచ్చిన పిల్లలకు వరసలో చోటు దొరకలేదు. దీపాలు వెలిగాక కూడా పెద్దవాళ్ళు కదలలేదు.

ఆ రాత్రి కంచరపాలెం నుంచి బొమ్మ కార్లకోసం వలయానికి కోరికలు వచ్చాయి. బొమ్మ అడిగేవాళ్ళ వయసు పద్నాలుగు దాటుతుందని వలయాన్ని తయారుచేసినవాళ్ళు అనుకోలేదు. వయసు తప్పుగా పడిందని వలయం కోరికలన్నీ తిప్పి పంపింది. సన్యాసమ్మ ఎనభై ఒకటి అనే మళ్ళీ చెప్పింది. మిగతావాళ్ళూ తమ వయసు మార్చలేదు. బుధవారం వలయం వయసు పరిమితి తీసేసింది. గురువారానికి విజయనగరం, కాకినాడ, గుంటూరుల నుంచి కూడా పెద్దవాళ్ళు అడగడం మొదలుపెట్టారు. పిల్లల కోరికలతో కలిపితే ఉన్న కార్లు చాలలేదు.

శుక్రవారం వలయం జపాన్‌లోని ఒక పోత ఫ్యాక్టరీకి ఆర్డరు పెట్టింది. పదకొండేళ్ళలో వలయం కొత్తగా చేయించిన వస్తువు అదొక్కటే.