మునిగిన చీమ

“నా చీమ పోయిందండీ,” అంది పరిశోధకురాలు.

అసిస్టెంటు ఫక్కున నవ్వాడు. డిటెక్టివ్ కొరకొరా చూసింది. అతను సొంత అల్లుడు. ఉద్యోగంలోంచి తీసేద్దామన్నా వీలుకాదు. అందుకే అందరూ ఆవిడను డిటెక్టివ్ అత్తగారంటారు.

పోయింది మామూలు చీమ కాదు. కోట్ల ఏళ్ల కిందట చెట్టు జిగురులో చిక్కుకుంది. ఆ జిగురే గట్టిపడి అంబర్ రాయి అయింది. సగం కందిరీగ పోలికలున్న ఆ జాతి ఎప్పుడో అంతరించింది. దాని మీసాల తీరు మీదే ఆమె ఆరేళ్ల పరిశోధన నిలబడి ఉంది. రేపు పరీక్షకులు వస్తున్నారు. డబ్బాలో రాయి ఉంది, రాయిలో చీమా ఉంది, కానీ అది తనది కాదంటోంది.

“అలాంటి చీమే లేదనీ, నేను మొదట్నుంచీ అబద్ధమే చెప్పాననీ మ్యూజియంవాళ్లు అంటున్నారండీ,” అందామె.

మ్యూజియంలో అడుగుపెట్టిన గంటకే అత్తగారి ఓపిక హరించుకుపోయింది.

“చీమలన్నీ ఒక్కలాగే ఉంటాయి కదమ్మా!” అన్నాడు డైరెక్టరు.

“చీమ చిటుక్కుమన్నా నాకు వినిపిస్తుందండీ. బయటికేం పోలేదు,” అన్నాడు వాచ్‌మన్, తన జోకుకి తనే మురిసిపోతూ.

ఫొటోగ్రాఫరు మాత్రం నవ్వలేదు. “నెల కిందట ఫొటోలు తీసిచ్చేశాను. మళ్లీ ముట్టుకోలేదు.”

“మరి ఈ గరుకు కాగితం?” అతని గదిలో బల్ల మీదున్న ముక్కను చూపించింది అత్తగారు.

“ప్లాస్టిక్ పోసి కీచైన్లు చేస్తుంటానండీ. వాటికి.”

“గదంతా ఎంత కమ్మగా ఉందో అత్తయ్యగారూ, దేవదారు చెక్క రాజేసినట్టు!” అన్నాడు అల్లుడు. ఆ పూట అతను పనికొచ్చే మాట అన్నది అదొక్కటే.

అత్తగారు అందరినీ టీ గదిలో కూర్చోబెట్టి, గ్లాసుడు నీళ్లలో గుప్పెడు ఉప్పు కలిపింది.

“అసలైన అంబర్ ఉప్పునీళ్లలో తేలుతుంది. ఈ అమ్మాయి వారం నుంచీ మొత్తుకుంటున్నా, మీలో ఒక్కరికీ చూసే తీరిక లేకపోయింది!”

రాయి వేసింది. అది బుడుంగున మునిగింది.

“ఇది ప్లాస్టిక్, లోపల వంటింటి చీమ. ప్లాస్టిక్ రుద్దితే కంపు కొడుతుంది ఫొటోగ్రాఫర్‌గారూ. మీ గదిలోని కమ్మటి వాసన అంబర్‌ది. నెల కిందటి వాసన ఇంకా ఉంటుందా? తియ్యండి బయటికి.”

అతను జేబులోంచి అసలు రాయి తీశాడు. “ఫొటో ఇంకా స్పష్టంగా రావాలని కొంచెం అరగదీశానండీ. ఎక్కువైపోయి మీసం పోయింది. చెప్పడానికి భయమేసి నకిలీది పెట్టాను. గీతలైనా పోతాయేమోనని ఇవాళ్టికీ దీన్ని రుద్దుతూనే ఉన్నానండీ.”

“ఆ ముక్క ఆ రోజే చెప్పి ఏడవచ్చుగా!” అత్తగారు నెత్తి కొట్టుకుంది.

పరిశోధకురాలు ఎవరినీ తిట్టలేదు. భూతద్దం కింద రాయిని ఇటూ అటూ తిప్పింది. చాలాసేపు తిప్పింది.

“ఒకటి పోయింది,” అంది చివరికి. “రెండోది ఉంది. మొత్తం ఉంది.” కుర్చీలో కూలబడి బావురుమంది.

డైరెక్టరు దగ్గరికొచ్చాడు. “ఏదమ్మా, ఓసారి చూడనీ.”

ఆమె గుప్పిట మూసేసింది.

“రేపు చూద్దురుగాని సార్. పరీక్షకులతో పాటు.”