ఎనభై ఏడు ఆకుపచ్చ లైట్లు

"నేనేం అడిగాను, మీరేం చేశారండీ?"

సబ్‌టైటిళ్ళు రాసే అమ్మాయి తన కీబోర్డును కౌంటరు మీద పెట్టి, షాపులోని కంప్యూటరుకు వైరు గుచ్చి, నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది. పొద్దున తీసుకెళ్ళిన మనిషి మధ్యాహ్నానికల్లా తిరిగొచ్చింది.

మెకానిక్కు సగం భయం, సగం సంతోషం. పనైపోయింది కదా, ఇంక ఈ అమ్మాయి ఇటెందుకొస్తుందిలే అని పొద్దుట్నుంచీ దిగాలుగా ఉన్నాడు పాపం!

"ఏమైందండీ? అన్నీ వెలుగుతున్నాయిగా?"

"వెలగడానికేం, దివ్యంగా వెలుగుతున్నాయి. నేనడిగింది ఆకుపచ్చ. మధ్యమధ్యలో ఈ ఎర్రవేంటి?"

ఎర్రవా! అతను కీబోర్డును ఎగాదిగా చూశాడు. అతని కంటికి బటన్లన్నీ ఒక్కలాగే ఉన్నాయి.

ఆ అమ్మాయి రోజంతా చీకటి గదిలో కూర్చుని సినిమాలకు మాటలు రాస్తుంది. కీబోర్డులోని నీలం వెలుగు కళ్ళలో గుచ్చుకుంటోందని, లైట్లన్నీ ఆకుపచ్చవి వేయమంది. బటనుకొకటి చొప్పున ఎనభై ఏడు. పాతది ఊడదీయాలి, కొత్తది అతకాలి. మూడు రోజులు పట్టింది. మూడు రోజులూ భోజనం వేళకు వచ్చి, "మా పేషెంటుకి ఎలా ఉంది?" అని అడిగి, స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుని లొడలొడా కబుర్లు చెప్పింది.

"వాగుడుకాయనని బుద్ధి చెబుదామనుకున్నారా?" అంది ఇప్పుడు. గొంతులో నిజంగానే నొప్పి ఉంది. "రేపు పొద్దున్నే నాకు పనుంది. సర్లెండి, ఇంకో షాపు చూసుకుంటాను."

ఆ గొడవ విని లోపలి గదిలోంచి షాపు ఓనరమ్మ వచ్చింది. అతనికి సొంత పిన్ని.

"అయ్యో రామా, ఆ లైట్లా! రెండు డబ్బాల్లో అడుగున కాసిని కాసిని ఉంటే ఒకదాంట్లో పోసేశానురా. వెలగనప్పుడు అన్నీ గాజుముక్కల్లా తెల్లగానే ఉన్నాయి, నాకేం తెలుసు?"

అమ్మాయి చల్లబడింది. "ఓ, అదా సంగతి! మరి బిగించాక వెలిగించి చూసుంటారుగా. అప్పుడైనా కనబడలేదా?"

తప్పంతా పిన్ని మీదకు తోసేసి 'చూసుకోలేదండీ' అంటే సరిపోయేది. నిజం చెబితే? పాత షాపులో అది తెలిసిన రోజే, రంగులు తెలియనివాడికి లైట్ల పనేంటని పంపించేశారు. ఈ అమ్మాయి కూడా నవ్వి వెళ్ళిపోతే అతను తట్టుకోలేడు. కానీ ఈ మనిషితో అబద్ధమాడటానికి నోరు రాలేదు.

"చూశానండీ. నాకు ఎరుపూ ఆకుపచ్చా ఒకటే. పుట్టుకతోనే అంతే."

పిన్ని నెత్తి కొట్టుకుంది. "వీడి నోట్లో నువ్వుగింజ నానదు కదా!"

అమ్మాయి నవ్వలేదు. "మరి ఇన్నాళ్ళూ పని ఎలా చేస్తున్నారు?"

"మీటరుతోనండీ. లైటు కాళ్ళకి తగిలిస్తే ఎరుపుకి ఒక అంకె, ఆకుపచ్చకి ఇంకో అంకె చూపిస్తుంది. ఒక్కొక్కటీ చూసుకునే వేస్తాను. ఆరేళ్ళలో ఒక్కటి తప్పు పోలేదు."

ఆమె కీబోర్డు మీదకు వంగింది. "ఈ పై మూడు వరసలూ శుభ్రంగా ఉన్నాయే! కింద వాటిలోనే కలగాపులగం. వీటికి మీటరు పెట్టలేదా?"

"లేదండీ."

"ఎందుకని?"

అతను నేలచూపులు చూశాడు. "ఆ వరసలు వేసేటప్పుడు మీరు ఎదురుగా కూర్చున్నారు. మర్చిపోయాను."

పిన్నికి ఉన్నట్టుండి ఏదో గుర్తొచ్చింది. "పొయ్యి మీద పాలు!" అంటూ లోపలికి పరుగెత్తింది.

అమ్మాయి స్టూలు లాక్కుంది. ఈసారి ఎదురుగా కాదు, పక్కన.

"రంగులు నేను చెప్తాను, మీరు ఊడదీయండి. ఇదిగో, ఇది ఎరుపు. ఇదీ ఎరుపే. ఇది వదిలెయ్యండి."

అలా ఇద్దరూ కలిసి పందొమ్మిది ఎర్ర లైట్లు తీసి, మీటరు పెట్టి మరీ పందొమ్మిది ఆకుపచ్చవి వేశారు. ఆఖరిది అతికాక అతను తలెత్తకుండానే అన్నాడు.

"మీరంటే నాకు చాలా ఇష్టమండీ."

అతను భయంభయంగా మొహం పైకెత్తాడు. ఆమె రెండు చేతులూ బుగ్గలకు ఆనించుకుని అతన్నే చూస్తోంది.

"మీకెలాగూ కనబడదు కాబట్టి నేనే చెప్తున్నా," అంది మెల్లగా. "నా మొహం ఎర్రబడింది."

అతను నోరు తెరిచేలోపు లోపలినుంచి పిన్ని కేక వినిపించింది.

"నిజమేరా! ఎర్రగానే ఉంది, నేను చూశాను!"